బరువు తగ్గాలంటే సాయంత్రం ఏం తినాలి? మా సొంత లడ్డూ నాకు నేర్పిన పాఠం



ఈసారి వీడియోలో పొలం కనిపించదు, జీవామృతం డ్రమ్ము కనిపించదు. ఒక బల్ల, దాని మీద చిన్న త్రాసు, రెండు ప్లేట్లు, అంతే. ఒక ప్లేటులో మా యూనిట్లో చేసిన కొర్ర లడ్డూ ఒక్కటి ఉంది. రెండో ప్లేటులో ఇంట్లో చేసిన అలసంద గుగ్గిళ్లు ఒక గిన్నెడు ఉన్నాయి. వీడియో చూసి చాలామంది "అన్నా, ఈ రెండింటికీ పోలికేంది?" అని అడిగారు. పోలిక ఉంది. రెండింటిలోనూ కేలరీలు దాదాపు సమానం. లడ్డూ రెండు కొరుకుల్లో అయిపోతుంది. గుగ్గిళ్లు తినడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ తర్వాత రాత్రి భోజనం దాకా ఆకలి వేయదు. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది, పధ్నాలుగు కేజీలు పెరగాల్సి వచ్చింది. వీడియోలో అంతా చెప్పడానికి టైం చాల్లేదు, అందుకే వివరంగా రాస్తున్నా.

ఒక అక్క అడిగిన ప్రశ్న

కొత్తగా చదివేవాళ్ల కోసం నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. మాది అనంతపురం వైపు మెట్ట ప్రాంతం. అగ్రికల్చర్ డిప్లొమా చేసి కొన్నాళ్లు ఉద్యోగం చేసి, మళ్లీ ఊరికే వచ్చేశా. ఆరెకరాల్లో వేరుశనగ, కొర్ర, జొన్న, వాటి మధ్యలో కంది, అలసంద, అనుము వేస్తాం. అంతా ప్రకృతి వ్యవసాయమే. పంటను పంటగా అమ్మితే మిగిలేది తక్కువ కదా, అందుకని చిన్న యూనిట్ పెట్టి గానుగ నూనె, కొర్ర లడ్డూ, వేరుశనగ చిక్కీ చేసి అమ్ముతున్నాం. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నప్పుడు మా లడ్డూకు గిరాకీ బాగా పెరిగింది. ఆ ఊపులోనే లేబుల్ మీద ఒక లైను వేయించా: "బరువు తగ్గాలనుకునే వారికి ఆరోగ్యకరమైన చిరుతిండి."

ఆ లైను వేసేటప్పుడు నేను ఎవరినీ మోసం చేయాలని అనుకోలేదు. నిజంగానే నమ్మా. మైదా లేదు, చక్కెర లేదు, రిఫైన్డ్ నూనె లేదు, మందు కొట్టని పంట. ఇంకేం కావాలి అనుకున్నా.

ఒక ఆదివారం టౌనులో స్టాలు పెట్టాం. ప్రతి నెలా మా దగ్గర నాలుగు డబ్బాలు కొనే ఒక టీచరక్క వచ్చింది. పక్కకు పిలిచి, "తమ్ముడూ, ఏమీ అనుకోవద్దు. మూడు నెలల నుంచి బిస్కెట్లు, బజ్జీలు అన్నీ మానేసి నీ లడ్డూలే తింటున్నా. రెండు కేజీలు పెరిగా. నేనేమన్నా తప్పుగా తింటున్నానా?" అని అడిగింది.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ లడ్డూలు పొద్దునా సాయంత్రం తినేవాణ్ని నేనే. అప్పటికి నా బరువు 91 కేజీలు, ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. నడుము చుట్టుకొలత 104 సెంటీమీటర్లు. మన దేశపు మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదని డాక్టర్లు చెప్తారు. కొలత టేపు నా జేబులోనే ఉండేది, కానీ దాంతో సాళ్ల మధ్య దూరమే కొలిచేవాణ్ని, నా నడుము ఎప్పుడూ కొలవలేదు.

లడ్డూ లెక్క

ఆ రాత్రి యూనిట్లో కూర్చుని లడ్డూ లెక్క తీశా. డిప్లొమాలో పశువుల దాణా లెక్కలు నేర్చుకున్నాం. ఏ దాణాలో ఎంత మాంసకృత్తులు, ఎంత శక్తి అని ఆవుకు చెప్పగలను గానీ, నా సొంత తిండికి ఎప్పుడూ ఆ లెక్క వేయలేదు.

మా లడ్డూ ఒక్కటి 40 గ్రాములు. అందులో కొర్ర పిండి 14 గ్రాములు, బెల్లం 14 గ్రాములు, నెయ్యి 8 గ్రాములు, వేరుశనగ పలుకులు 4 గ్రాములు. పిండి పదార్థమైనా, మాంసకృత్తులైనా గ్రాముకు సుమారు 4 కేలరీలు ఇస్తాయి. కొవ్వు గ్రాముకు 9 ఇస్తుంది. ఈ లెక్కన పిండికి 48, బెల్లానికి 52, నెయ్యికి 72, పలుకులకు 22. అంతా కలిపితే 190కి కాస్త పైనే. అందులో మాంసకృత్తులు మూడు గ్రాములు కూడా లేవు.

నేను సాయంత్రం టీతో రెండు తినేవాణ్ని. పొద్దున బ్యాచ్ రుచి చూడటానికని ఇంకో రెండు. రోజుకు నాలుగంటే 760 కేలరీలు. మా ఇంట్లో కడుపు నిండా ఒక పూట భోజనం చేస్తే దాదాపు అంతే. అంటే రోజుకు మూడు పూటలు కాదు, నాలుగు పూటలు తింటున్నా. నాలుగో పూటకు "ఆరోగ్యం" అని పేరు పెట్టుకున్నా.

బెల్లం విషయం కూడా చెప్పాలి. బెల్లంలో కొంచెం ఇనుము, కొన్ని ఖనిజాలు ఉంటాయి, కాదనను. కానీ కేలరీల లెక్కలో అది చక్కెరకు దగ్గర దగ్గరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం తిండిలో మనం కలుపుకునే తీపి మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి 5 శాతం అంటే సుమారు 25 గ్రాములు. వంటలో కలిపే తీపితో పాటు తేనె, సిరప్, పండ్ల రసంలోని తీపి కూడా ఈ లెక్కలోకే వస్తుంది. మా లడ్డూలు రెండు తింటే 28 గ్రాముల బెల్లం. టీలో వేసుకున్న బెల్లం ఇంకా లెక్కపెట్టలేదు.

మనం ఇక్కడే పొరపడుతున్నాం. మందులు లేకుండా పండించడం వేరు, బరువు పెంచకపోవడం వేరు. జీవామృతం పోసి పండించిన చెరకు నుంచి వచ్చిన బెల్లం మంచి బెల్లం, కానీ అది బెల్లమే. గానుగ నూనె మంచి నూనె, కానీ ఒక చెంచాలో రిఫైన్డ్ నూనెలో ఎన్ని కేలరీలు ఉంటాయో దీనిలోనూ అన్నే ఉంటాయి. ప్రకృతి వ్యవసాయం మన నేలకు, మన పంటకు చేసే మేలు చాలా పెద్దది. నెయ్యిలో కేలరీలు తగ్గించే పని మాత్రం అది చేయదు.

"మా నాయన బెల్లం తినలేదా?"

ఈ మాట నన్ను నేనే అడిగా. మా నాయన బెల్లం ముక్క, గుప్పెడు చెనిక్కాయలు జేబులో వేసుకుని పొలం పోయేవాడు. చివరి దాకా సన్నగానే ఉన్నాడు.

కానీ మా నాయన తెల్లవారుజామున మడక కట్టేవాడు. గొర్రు తోలేవాడు, కలుపు తీసేవాడు, మూటలు మోసేవాడు. నేను బైకు మీద పొలం పోతా, దుక్కి ట్రాక్టర్ చేస్తుంది, కలుపు పవర్ వీడర్ తీస్తుంది, నేను వీడియో తీస్తా. మిగతా టైమంతా ప్యాకింగ్ గదిలో కుర్చీలో, చేతిలో ఫోను. నాయన తిన్న బెల్లం నాయన చెమటలో పోయింది. నేను తిన్నది నడుము చుట్టూ ఉండిపోయింది. రైతు అన్న పేరుంటే చాలు ఒళ్లు వంచుతున్నట్టే అనుకుంటాం. ఎవరికి వాళ్లు ఒక రోజు నిజాయితీగా చూసుకోండి, ఎన్ని గంటలు నిలబడి పని చేశామో.

నేను చేసిన మూడు తప్పులు

లెక్క తెలిశాక వెంటనే దారిలో పడ్డానని అనుకోకండి. ఇంకా మూడు తప్పులు చేశా.

మొదటి తప్పు: సాయంత్రం చిరుతిండి పూర్తిగా మానేశా. నాలుగు రోజులు బాగానే నడిచింది. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకు తింటే మళ్లీ రాత్రి తొమ్మిదికే భోజనం. ఎనిమిది గంటలు ఖాళీ కడుపు. ఇంటికి పోయేసరికి ఆకలి మంట మీదుండేది. ఒక ముద్ద సంగటి తినాల్సిన చోట రెండున్నర ముద్దలు, దాని మీద పెరుగన్నం. మిగుల్చుకున్నది లేదు, ఇంకా ఎక్కువే తిన్నా.

రెండో తప్పు: "మల్టీగ్రెయిన్", "నో యాడెడ్ షుగర్" అని రాసిన బిస్కెట్లకు మారా. ఒకరోజు ప్యాకెట్ తిప్పి వెనకాల చదివా. మన దేశంలో ప్యాకెట్ మీద పదార్థాల పేర్లు ఎక్కువ బరువు ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర అన్న వరుసలో రాయాలి. మొదట మైదా, తర్వాత పామాయిల్. ముందు వైపు బొమ్మలో మెరిసిపోతున్న రాగి వెనకాల చివర్లో, రెండు శాతం.

మూడో తప్పు: ఖర్జూరాలు, జీడిపప్పు, తేనె. ఇవి చెడ్డవని కాదు. కానీ జీడిపప్పు డబ్బా పక్కన పెట్టుకుని లెక్కలు రాస్తుంటే చేయి తానే పోతుంది. రోజూ ఎంత తింటున్నానో నాకే తెలిసేది కాదు.

అప్పుడు మా అమ్మ ఒక మాట అంది: "ఏంరా, కొనుక్కొచ్చినవే తింటాండావు. ఇంట్లో అలసందలు పురుగు పడతాండాయి, అవి ఉడకేసుకుంటే రాదా? మీ నాయన సాయంత్రమైతే ఏం తినేటోడు?"

మా నాయన సాయంత్రం తినేది గుగ్గిళ్లు.

మంచి చిరుతిండికి నాలుగు ప్రశ్నలు

ఆ తర్వాత చాలా చదివా, ఇంట్లో త్రాసు పెట్టి చాలా తూచా. ఇప్పుడు ఏదైనా చిరుతిండి చేతిలోకి తీసుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకుంటా.

1. నమలాలా? నమిలే తిండి నిదానంగా లోపలికి పోతుంది. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి కొంత టైం పడుతుంది. జామకాయ నమలాలి, జామ రసం గుటకలో పోతుంది.

2. మాంసకృత్తులు, పీచు ఉన్నాయా? ఈ రెండూ ఉంటే ఆకలి త్వరగా మళ్లీ రాదు. మన పప్పుగింజల్లో రెండూ ఉన్నాయి.

3. నీళ్లు ఉన్నాయా? ఉడికిన గింజ నీళ్లు పీల్చుకుని రెండింతలకు పైగా ఉబ్బుతుంది. అదే గింజను నూనెలో వేయిస్తే నీళ్లు పోయి ఆ చోటికి నూనె వస్తుంది. శనగ గుగ్గిళ్లకూ శనగపిండి మిక్చరుకూ మూలం ఒకే గింజ. కానీ మిక్చర్ 100 గ్రాములు తింటే 500 కేలరీలు దాటుతుంది. గుగ్గిళ్లు 100 గ్రాములు 160 చుట్టుపక్కలే.

4. కొలత ఉందా? గిన్నెలో వేసుకుని తింటున్నానా, డబ్బాలో చేయి పెట్టి తింటున్నానా?

నాలుగింటికీ అవునని వస్తే మంచి చిరుతిండి. మూడింటికి వచ్చినా పర్వాలేదు. మా లడ్డూను పెట్టి చూశా. నాలుగో దానికి మాత్రమే అవునని వచ్చింది, అది కూడా ఒకటి తిని లేవగలిగితే.

వీడియోలో చేసిన అలసంద గుగ్గిళ్లు

నలుగురికి కొలత ఇది. ఎండు అలసందలు (కోస్తా వాళ్లు బొబ్బర్లు అంటారు) 200 గ్రాములు ఆరేడు గంటలు నానబెట్టండి. ఆ నీళ్లు వంపేసి, కొత్త నీళ్లు, కొంచెం ఉప్పు వేసి కుక్కర్లో రెండు మూడు విజిల్స్ రానివ్వండి. గింజ మెత్తబడాలి, పగలకూడదు. బాణలిలో రెండు టీ చెంచాల గానుగ నూనె, అంతకు మించి వద్దు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఒక ఉల్లిపాయ ముక్కలు వేయించి ఉడికిన గింజలు కలపండి. దించాక నిమ్మకాయ పిండండి. పచ్చి మామిడి దొరికే రోజుల్లో దాని తురుము వేస్తే నిమ్మకాయ అక్కర్లేదు.

దీన్ని నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి 190 కేలరీల చిల్లర వస్తుంది. అంటే ఒక లడ్డూ అంత. కానీ మాంసకృత్తులు 12 గ్రాముల దాకా ఉంటాయి, లడ్డూకు నాలుగైదు రెట్లు. బెల్లం సున్నా. తూకం చూస్తే లడ్డూ 40 గ్రాములు, ఈ గిన్నె 150 గ్రాములకు పైనే.

శనగలు, పెసలు, ఉలవలు, అనుములు అన్నీ ఇలాగే చేసుకోవచ్చు. ఉలవలు గట్టి గింజ, రాత్రంతా నానాలి, విజిల్స్ కూడా ఎక్కువ కావాలి. మొలకలు కట్టుకుంటే పచ్చిగా తినకుండా కాసేపు ఆవిరి పట్టించండి. మొలకల తడిలో క్రిములు పెరిగే అవకాశం ఉంది. అలవాటు లేనివాళ్లు మొదటి వారం సగం గిన్నెతో మొదలుపెట్టండి, లేకపోతే కడుపు ఉబ్బరం వచ్చి నన్ను తిట్టుకుంటారు.

కాలాన్ని బట్టి మా ఇంటి సాయంత్రం

రోజూ గుగ్గిళ్లే అంటే ఎవరికైనా విసుగొస్తుంది. పొలంలో ఏ కాలానికి ఏది వస్తే అది తింటున్నాం.

వానాకాలంలో మొక్కజొన్న కండె, నిప్పుల మీద కాల్చింది, వెన్న రాయకుండా ఒకటి. వేరుశనగ పీకే రోజుల్లో పచ్చి కాయ ఉడకబెట్టుకుంటాం. ఇక్కడ జాగ్రత్త. వేరుశనగ బలమైన తిండి, కానీ అది నూనెగింజ. ఎండు పలుకులు 30 గ్రాములు తింటేనే 170 కేలరీలు. అందుకని నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఒలిచి పెట్టిన పలుకులు తినను, కాయ నేనే ఒలుచుకుని తినాలి, పొట్టు ముందే కుప్ప పోయాలి. ఆ పొట్టు కుప్ప చూస్తే ఎంత తిన్నానో తెలిసిపోతుంది.

చలికాలంలో మాకు అనపకాయల పండగే. పచ్చి అనపగింజలు ఉప్పేసి ఉడికించుకుంటే వేరే ఏదీ గుర్తుకు రాదు. అప్పుడే పచ్చి శనగ, రేగుపళ్లు, జామకాయలు వస్తాయి. జామ ఒకటి తింటే వంద కేలరీల లోపే, గింజలతో సహా నమిలి తినాలి. గెనుసుగడ్డ ఉడికించింది మధ్యరకం ఒకటి తినొచ్చు. బెల్లం పాకంలో వేస్తే మాత్రం కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఎండాకాలంలో పుచ్చకాయ ముక్కలు, దోసకాయ, తాటిముంజలు, పలుచటి మజ్జిగ. మజ్జిగ వెన్న తీసింది, నీళ్లు ఎక్కువ పోసి, అల్లం, కరివేపాకు దంచి వేసి, ఉప్పు కొద్దిగా. సాయంత్రం నాలుగింటికి నాకు ఆకలి అనిపించేది చాలాసార్లు దాహమేనని మజ్జిగ మొదలుపెట్టాకే తెలిసింది. ముందు ఒక గ్లాసు తాగి పావుగంట ఆగుతా. అప్పుడు కూడా ఆకలిగా ఉంటే తింటా.

ఏ కాలంలోనైనా ఉండేవి జొన్న పేలాలు. తొలి ఏకాదశికి పేలాల పిండి చేస్తాం కదా, ఆ పేలాలే, బెల్లం కలపకుండా. 20 గ్రాముల జొన్నలు పేలిస్తే పెద్ద గిన్నె నిండుతుంది, 75 కేలరీలకు మించదు. అన్ని జొన్నలూ బాగా పేలవు, చిన్నగా గట్టిగా ఉండే గింజ కావాలి. బొరుగులు కూడా తేలికే. కానీ వాటిల్లో మాంసకృత్తులు తక్కువ, ఉత్తవి తింటే గంటలో మళ్లీ ఆకలి. ఉడికిన శనగలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం కలుపుకుంటే నిలబడతాయి.

మరి మా వైపు ఉగ్గాణి బజ్జి? దాన్ని మానేశానని చెప్తే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. ఆదివారం పొద్దున ఉగ్గాణి, ఒకటే బజ్జి. అది టిఫిన్ లెక్కలోకే, దాని మీద మళ్లీ ఇడ్లీ లేదు. పండగ రోజు లడ్డూ కూడా తింటా. రోజూ తినే తిండి సరిగ్గా ఉంటే పండగ తిండి మనిషిని లావు చేయదు. నేను రోజూ పండగ చేసుకున్నా, అదీ నా జబ్బు.

లేబుల్ మీద ఆ లైను

ఇక కష్టమైన భాగం. ఆ టీచరక్కకు ఏం చెప్పాలి?

వారం తర్వాత మళ్లీ స్టాలుకు వచ్చినప్పుడు ఆమెకు లెక్కంతా చూపించా. "అక్కా, తప్పు నీది కాదు, నా లేబుల్‌ది" అని చెప్పా. కోప్పడుతుందని భయపడ్డా. ఆమె నవ్వి, "మరి ఏం తినాలో అది అమ్ము" అంది.

అప్పటికి రెండు వేల లేబుళ్లు కొట్టించి ఉన్నాయి. పారేయడానికి మనసొప్పలేదు. మా ఆవిడ, నేను రాత్రిళ్లు కూర్చుని నల్ల మార్కరుతో ఆ ఒక్క లైను కొట్టేశాం. మా ఆవిడ మూడో రోజు, "అమ్మేటప్పుడు ఎవరు చదువుతారని ఇంత బాధ?" అంది. నేను, "ఆ అక్క చదివింది కదా" అన్నా. మళ్లీ మార్కర్ తీసుకుంది. కొందరు కొనేవాళ్లు ఆ నల్ల గీత చూసి ఎక్స్‌పైరీ డేటు దాచామని అనుమానపడ్డారు కూడా. వాళ్లకు విషయం విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

కొత్త లేబుల్ మీద ఇలా ఉంటుంది: "ఒక లడ్డూ 40 గ్రాములు, సుమారు 190 కేలరీలు, బెల్లం 14 గ్రాములు. పిల్లలకు, ఒళ్లొంచి పని చేసేవారికి మంచి శక్తి. రోజుకు ఒకటి చాలు." ఆ మాటలు నిజం. ఎదిగే పిల్లవాడికి, కోతల రోజు పొలంలో ఉన్న మనిషికి ఆ లడ్డూ నిజంగా మంచిదే. చెడ్డది లడ్డూ కాదు, నేను దానికి తగిలించిన అబద్ధం.

యూనిట్లు నడిపే తోటి రైతులకు ఒక మాట. ఆహార పదార్థాల ప్రకటనల మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు 2018లోనే వచ్చాయి. ఆరోగ్యానికి ఇది చేస్తుంది, అది చేస్తుంది అని రాస్తే రుజువు చూపించగలగాలి. "షుగర్ తగ్గిస్తుంది", "బరువు కరిగిస్తుంది" అని ఎవరో వేశారని మనమూ వేయకూడదు. నిబంధన సంగతి పక్కన పెట్టినా, మన దగ్గర కొనేవాళ్లు మన పొలాన్ని నమ్మి కొంటారు. ఆ నమ్మకం ఒక్కసారి పోతే ఏ సర్టిఫికెట్టూ తిరిగి తేలేదు.

మొదటి నాలుగు నెలలు లడ్డూ అమ్మకం దాదాపు మూడో వంతు పడిపోయింది. అది అబద్ధం చెప్పను. దాని బదులు గుగ్గిళ్ల ప్యాకెట్ మొదలుపెట్టాం. అలసంద, శనగ, ఉలవ, అనుము, పెసర గింజలు ఒక్కొక్కటీ 200 గ్రాములు, ఎన్ని గంటలు నానాలి, ఎన్ని విజిల్స్ అన్నది ప్యాకెట్ మీదే. లడ్డూ మీద మిగిలినంత దీని మీద మిగలదు. కానీ నెయ్యి ఖర్చు లేదు, పొయ్యి ఖర్చు లేదు, పాడయ్యే భయం తక్కువ. ఇంకో లాభం పొలంలో కనిపించింది. ఇంతకుముందు అంతర పంట గింజలు చేతికొచ్చిన కాడికి దళారికి ఇచ్చేసేవాళ్లం. ఇప్పుడు అవే అసలు సరుకయ్యాయి. నేలకు నత్రజని కోసమని వేసిన అలసంద సాలు మా ఇంటి సాయంత్రపు తిండి, యూనిట్‌కు సరుకు, రెండూ అయింది.

ఎంత తగ్గా?

ఎనిమిది నెలల్లో తొమ్మిది కేజీలు. 91 నుంచి 82. నడుము 104 నుంచి 95. ఇంకా 90కి రాలేదు. మధ్యలో రెండు నెలలు ముల్లు కదల్లేదు, ఆ రెండు నెలలు చాలా విసుగొచ్చింది. కానీ ఆకలితో మాత్రం లేను, అందుకే వదిలేయలేదు.

ఇదంతా గుగ్గిళ్ల మహిమ అని చెప్తే మళ్లీ ఆ లేబుల్ లైను రాసినట్టే. మధ్యాహ్నం అన్నం తగ్గించి కూర, పప్పు పెంచా. టీలో తీపి మానేశా. పొలానికి బైకు బదులు నడిచి పోతున్నా, పోను రాను నాలుగు కిలోమీటర్లు. చిరుతిండి చేసిన పని ఏంటంటే, ఆ సాయంత్రం ఆకలిని పట్టి ఆపింది. రాత్రి భోజనం దగ్గర నా చేయి నా మాట విన్నది.

ఒక జాగ్రత్త. షుగర్‌కు మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు, బాలింతలు నా లెక్కలు చూసి తిండి మార్చుకోవద్దు. పప్పుగింజలు ఎంత తినాలి, ఏ టైంకు తినాలి అన్నది మీ డాక్టరును అడిగి చేయండి.

మిగతావాళ్లు ఒక్క పని చేసి చూడండి. రేపు సాయంత్రం మీరు తినేది ఏదైనా, తినే ముందు తూచండి. అందులో నూనె, బెల్లం ఎంత వేశారో వంట చేసినవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాయండి. వారం రోజులు చాలు. పొలంలో ఎకరాకు ఎంత పెట్టుబడి, ఎంత రాబడి అని పైసాతో సహా రాసే మనం, ఒంటి లెక్క కూడా ఒక్క వారం రాయలేమా?

మీ వైపు సాయంత్రం ఏ గింజ ఉడకేసుకుంటారో, ఎలా చేస్తారో వీడియో కింద రాయండి. ఆ టీచరక్క ఇప్పుడు నెలకు నాలుగు ప్యాకెట్ల గింజలు, ఒక డబ్బా లడ్డూలు తీసుకుంటోంది. లడ్డూలు తనకు కాదంట, వాళ్ల బడిలో పిల్లలకంట.

ఉంటా మరి. నానబెట్టిన ఉలవలు పిలుస్తున్నాయి.